తాళం తిప్పితే మాట్లాడే బండి

మార్కాపురం,
9 ఆగస్టు 2024, శుక్రవారం

ఫుప్పూ, సలాం.

ఈ కాగితం నీ చేతికి వచ్చిందంటే గులాబీ లైనింగ్ గుడ్డ మడత విప్పినావన్నమాట. అమ్మీ నువ్వు కుట్టాల్సిన జాకెట్ గుడ్డలన్నీ సంచిలో పెట్టి గిద్దలూరు బస్సుకు వేస్తుంటే మధ్యలో దూర్చినా. చదివినాక చించెయ్యి. ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే మా ఇంట్లో ఫోన్ అమ్మీ చేతిలో ఉంటది. మీ ఫోన్ ఇర్ఫాన్ భాయ్ కోళ్ళ దుకాణంలో ఉంటది. నేను ఏడిస్తే కోడి కొననీకి వచ్చినోళ్ళు కూడా వింటారు. ఇంగ్లీషులో రాద్దామంటే నీకు రాదు, తెలుగులో రాద్దామంటే నాకు సరిగా రాదు. నవ్వుకోవద్దు.

మొదట్నుంచి చెప్తా.

అబ్బా మైకు బండి సంగతి నీకు తెలుసు కదా. ఎరువుల కొట్టు ప్రచారమైనా, పిల్లోడు తప్పిపోయినా, ఎవరైనా చనిపోయినా ఊరంతా ఆ బండి మీదనే చెప్తాడు. ఈ మధ్య గొంతు బొంగురుపోయి మైకు పట్టుకోలేక, ఇంట్లోనే నిదానంగా రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి బండిలో వేస్తన్నాడు. దుమ్ము వల్ల గొంతు పోయింది అంటాడు. అది కాదు నా బాధ. బండిలో యాంప్లిఫయర్‌కి వేరే స్విచ్ ఉంది. ఆపేది మర్చిపోతాడు. తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. వీధిలో అందరూ తోయాల. బండ్ల వైరింగ్ చేసే కిరణ్ అన్నకి చెప్పినాడు, తాళం తిప్పితే యాంప్ ఆన్ కావాల, తాళం తీస్తే ఆఫ్ కావాల, అట్ల చెయ్యమని. కిరణ్ అన్న రేపు మాపు అంటన్నాడు.

నేనే చేద్దామనుకున్నా. వీడియోల్లో అంతా ఉంది, ఇంగ్లీషులో. బ్యాటరీ నుంచి యాంప్‌కి వచ్చే లావు వైరు ముట్టుకోకూడదు. సన్న నీలం వైరు ఒకటి ఉంటది, దానికి కరెంటు అందితేనే యాంప్ నిద్ర లేస్తది. ఆ నీలం వైరుని తాళం వెనకాల వైరుకి కలపాల, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టాల. అంతే. ఈ రోజు అబ్బా జుమ్మా నమాజుకి పోయినాక, కిరణ్ అన్న దుకాణంలో టెస్టింగ్ లైటు అడిగి తెచ్చుకొని షెడ్డులోకి పోయినా. మీద మైకు హారన్లు ఊడదీసి ఇంట్లో చిన్న స్పీకరు తగిలించినా, ఎవరికీ వినపడకుండా. తాళం తిప్పితే వెలిగి, తీస్తే ఆరిపోయే వైరు దొరికింది. కలిపినా. తాళం తిప్పినా.

యాంప్ లేచింది ఫుప్పూ. నాకు ఎంత సంతోషమైందో. అబ్బా హడావుడిగా పోతా పెన్‌డ్రైవ్ ప్లేయర్‌లోనే వదిలేసినాడు. ఆ ప్లేయర్‌కి ఒక రోగం ఉంది, చివరగా ఎక్కించిందే ముందు పాడతది. అబ్బా గొంతు వచ్చింది.

"మార్కాపురం పట్టణ ప్రజలకు, బంధుమిత్రులకు తెలియజేయునది ఏమనగా, మైకు మొహిద్దీన్ బాషా గారు ఈ రోజు ఇంతకాల్ అయినారు. జనాజా నమాజు వేళ మసీదులో అడిగి తెలుసుకోగలరు. ఆయన ఎవరి చావు కబురైనా పేరు తప్పు చెప్పి ఉంటే మాఫ్ చేయగలరు."

ఆయన చనిపోయినట్టు ఆయనే చెప్తన్నాడు. నేను తాళం లాగేసినా. నా వైరు పీకేసి, హారన్లు మళ్ళీ తగిలించి, బయటికి వచ్చేసరికి అబ్బా నమాజు నుంచి వస్తన్నాడు. "ఏం బేటీ, మొహం అట్లుంది, అన్నం తినలేదా" అన్నాడు. తిన్నా అన్నా.

ఎందుకు అట్ల రికార్డు చేసినాడు? అడగాలంటే బండి ముట్టుకున్నట్టు చెప్పాల. నువ్వు ఆయనకు అక్కవి, నిన్ను అడిగితే తెలుస్తదని రాస్తన్నా. ఎవరికీ చెప్పొద్దు.

నీ ఆలియా

గిద్దలూరు,
14 ఆగస్టు, బుధవారం

ఏమే ఆలియా,

నీ కాగితం చూసి కత్తెర పక్కన పడేసి రెండుసార్లు చదివినా. 'బ్యాటరీ' సరిగా రాసినావు గానీ 'ఇంతెఖాల్'ని 'ఇంతకాల్' అని తప్పు రాసినావు, నీ ఇంగ్లీషు మీడియం చల్లగుండ.

మీ అబ్బా సంగతి నాకు తెలియదా. వాడు చిన్నప్పుడు సత్తు గిన్నె నోటికి పెట్టుకొని మా వీధిలో బతికినోళ్ళందరినీ చంపేటోడు. "జులేఖా బీ మరణించినారు, గిన్నెలు తోమనందుకు" అని అరిచేవాడు. మా నాయన బెల్టు తీసేవాడు. ఇప్పుడు గొంతు బాగుందో లేదో చూసుకుందామని ఏదో చెప్పి ఉంటాడు. ఊరికే భయపడొద్దు. ఫోన్ చేసి అడిగినా. "నాకేంది అక్కా, బండరాయిలాగున్నా" అన్నాడు. గొంతు మాత్రం జల్లెడలో రాళ్ళు వేసినట్టుంది. మిరియాల పాలు తాగమన్నా.

అది కాదు గానీ, నేను అడిగేదానికి సూటిగా చెప్పు. అందరూ జుమ్మాకి పోయిన వేళ పదహారేళ్ళ పిల్లవి ఒక్కదానివే షెడ్డులో ఏం చేస్తన్నావు? ఈ కిరణ్ ఎవరు? లైటు ఇచ్చినాడా, పక్కన ఉండి నేర్పించినాడా? బండి వైర్లు ఆడపిల్ల ఒక్కతే కలిపిందంటే నమ్మేంత అమాయకురాలిని కాదు. బ్లౌజుకి హుక్కు కుట్టమంటే వేలు పొడుచుకుంటావు నువ్వు. ఏదో దాస్తన్నావు. నాకు జవాబు రాయి. రాయకపోతే నేను అనుకున్నదే నిజం.

ఇంకోటి. వాడు అట్ల అందరివీ చేసి పెట్టుకున్నాడా? నాది కూడా ఉందా?

నీ ఫుప్పు జులేఖా

మార్కాపురం,
17 ఆగస్టు, శనివారం

ఫుప్పూ,

కిరణ్ అన్నకి పెళ్ళయింది, హేమలత అక్క రెండో కాన్పుకి పుట్టింటికి పోయింది, ఆయన దుకాణంలో గ్యాస్ స్టవ్ మీద అన్నం మాడ్చుకుంటన్నాడు. ఆయన లైటు ఇచ్చినాడు, "తెచ్చియ్యి" అన్నాడు. అంతే. నేను ఒక్కదాన్నే చేసినా. హుక్కు కుట్టడం వేరు, ఇది వేరు. నువ్వు నమ్మకపోతే నాకు చెప్పుకునేదానికి ఎవరూ లేరు.

అబ్బాది సరదా కాదు ఫుప్పూ. విను.

మంగళవారం దానమ్మ అవ్వ చనిపోయింది, మన వెనక వీధి. వాళ్ళ ఇంటి ముందర అబ్బా బండి ఆపి చావు కబురు ఎలాన్ వేసినాడు. మళ్ళీ కదులుదామంటే బ్యాటరీ చచ్చిపోయింది. శవాన్ని ఎత్తేటోళ్ళు వచ్చి బండిని తోసినారు. ఎవడో "ముందు బండికి చేద్దామా అవ్వకి చేద్దామా" అన్నాడు. అందరూ నవ్వినారు. అబ్బా కూడా నవ్వినాడు, కానీ ఇంటికొచ్చినాక అన్నం ముట్టలేదు. నాకు ఓర్చుకోబుద్ధి కాలేదు.

నిన్న మళ్ళీ షెడ్డులోకి పోయి వైరు కలిపేసినా. ఈసారి పీకలేదు. పాత స్విచ్ మాత్రం అట్లనే ఉంచినా, ఆయనకు తెలియకుండా. ఆయన అలవాటుగా నొక్కుకుంటాడు, దానికీ యాంప్‌కీ ఇంక సంబంధం లేదు. తాళమే స్విచ్. ఆయన నేను మర్చిపోవడం లేదు అనుకుంటాడు, బ్యాటరీ బాగుంటది, నా పేరు రాదు.

కలిపినాక పెన్‌డ్రైవ్ పెట్టి అన్నీ విన్నా, చిన్న స్పీకర్‌లో. ఎరువుల కొట్టుది ముందు వచ్చింది. తర్వాత దానమ్మ అవ్వది, తర్వాత ఆయనది. ఈసారి చివరిదాకా విన్నా. ఎలాన్ అయిపోయినాక రికార్డు ఆపడం మర్చిపోయినాడు. మసీదు అనీస్ చాచా గొంతు వినపడింది. "పిచ్చోడా, ఆపరేషన్ చేస్తే బతుకుతావని కర్నూలు డాక్టరు చెప్తన్నాడు కదా" అన్నాడు. అబ్బా అన్నాడు, "గొంతులో పెట్టె తీసేస్తారంట అనీస్. మాట పోతది. ఊరికంతా నేను మాటనే. మాట లేకుండా కూర్చొని తినేదానికంటే ఉన్నన్ని నాళ్ళు చెప్పి పోతా. నా కబురు నేనే చెప్పుకున్నా, ఎవడు చెప్పినా సరిగ్గా చెప్పడు."

దుమ్ము కాదు ఫుప్పూ. గొంతులో గడ్డ. అమ్మీకి తెలియదు. ఆపరేషన్‌కి పోనంటన్నాడు. నువ్వు చెప్తేనే వింటాడు, నేను ఎవరు ఆయనకు చెప్పనీకి. తొందరగా రా.

ఒక భయం ఉంది. తాళం తిప్పితే ఇప్పుడు యాంప్ దానంతటదే లేస్తది. ఆయన తన కబురు మళ్ళీ కొత్తగా ఎక్కించినాడంటే అదే ముందు పాడతది, ఊరంతా వింటది. అందుకే రోజూ సాయంత్రం ఆయన చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసుకొని, షెడ్డులో పెట్టి ముందు ఏది పాడుతుందో చూస్తా. ఎరువుల కొట్టు అయితే పర్లేదు. ఆయనది వస్తే వైరు పీకేస్తా. చెరిపేద్దామంటే ఆ ప్లేయర్‌లో చెరిపే బటన్ లేదు.

నీది లేదు.

సంచి ఈ రోజే బస్సుకి వేస్తుంది అమ్మీ. పెళ్ళి జాకెట్లు.

నీ ఆలియా

గిద్దలూరు,
20 ఆగస్టు, మంగళవారం

ఆలియా,

నేను రాసి ఆరు రోజులైంది. జవాబు లేదు. జవాబు లేదంటే నాకు అర్థమైంది.

ఇర్ఫాన్‌ని బయటికి పంపి మీ అమ్మీ షాయిస్తాకి ఫోన్ చేసినా. కిరణ్ పేరు ఎత్తలేదు, నీ పరువు నా పరువే. పిల్లని షెడ్డులోకి, ఆ దుకాణం వైపుకి పోనియ్యొద్దని మాత్రం చెప్పినా. షెడ్డు తాళంచెవి నీ కొంగుకి కట్టుకో అన్నా. మీ అమ్మీ ఏడ్చింది. నువ్వు కోపం తెచ్చుకుంటావు. తెచ్చుకో. రేపు నీ పెళ్ళిలో నా కాళ్ళు పట్టుకొని థాంక్స్ చెప్తావు.

పెళ్ళి జాకెట్ల సంచి వచ్చింది. ఆ పెళ్ళి దసరా దాటినాక కదా, ఇక్కడ నంద్యాల వాళ్ళ పని మీద పడింది. అటక మీద పెట్టినా, తీరికైనాక విప్పుతా.

మీ అబ్బా మిరియాల పాలు తాగుతన్నాడా?

ఫుప్పు

మార్కాపురం,
26 ఆగస్టు, సోమవారం

ఫుప్పూ,

నువ్వు శనివారం వచ్చినప్పుడు నేను దుప్పటి కప్పుకొని పడుకున్నా. నిద్రపోలేదు. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టినావు, "జ్వరం లేదే" అన్నావు, నేను కళ్ళు తెరవలేదు. నీ మొహం చూడలేకపోయినా. ఇప్పుడు రాస్తన్నా.

నీ ఫోన్ తర్వాత అమ్మీ షెడ్డు తాళంచెవి కొంగుకి కట్టుకుంది. ఎందుకు అని అడిగితే "నీకే తెలియాల" అంది. అప్పుడు నాకు తెలియలేదు, నీ కాగితం నిన్ననే అందింది. నేను ఏం చెయ్యాల? అబ్బా చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ కనిపిస్తనే ఉంది. షెడ్డు లేకుండా వినేదానికి లేదు. అబ్బాకి చెప్తే అయిపోయేది. నోరు రాలేదు. అన్నం పెట్టుకుంటా చెప్దాం అనుకున్నా, చెయ్యి కడుక్కుంటా చెప్దాం అనుకున్నా. చెప్పలేదు.

శుక్రవారం ఆయన తన ఎలాన్ మళ్ళీ కొత్తగా చేసినాడంట. పాతదాంట్లో దగ్గు వచ్చిందని.

శనివారం పొద్దున బండి తీసుకొని బజారుకి పోయినాడు. కూరగాయల మార్కెట్ దగ్గర ఆపి, తాళం తీసి, పెన్‌డ్రైవ్ పెట్టి, టీ తాగేదానికి పోయినాడు. తిరిగొచ్చి తాళం తిప్పినాడు.

నేను స్కూల్‌కి జడ వేసుకుంటన్నా. మా ఇంటికి వినిపించింది. "మైకు మొహిద్దీన్ బాషా గారు ఈ రోజు ఇంతకాల్ అయినారు." అమ్మీ చేతిలోంచి పిండి గిన్నె జారిపోయింది. ఆయన గొంతే అని కూడా ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే ఎవరి చావైనా ఆయన గొంతుతోనే కదా వచ్చేది. ఆ గొంతు చెప్తే అది నిజం.

బండిలో ఆయన స్విచ్ నొక్కినాడంట. ఆగలేదు. మళ్ళీ నొక్కినాడు, మళ్ళీ నొక్కినాడు. ఆ స్విచ్‌కి ఏమీ లేదు కదా, నేనే తీసేసినా. వెనకాల దొనకొండ బస్సు హారన్ కొడతంది, పక్కన ఎద్దుల బండి, ఆపేదానికి సందు లేదు, పెన్‌డ్రైవ్ లాగనీకి చెయ్యి అందలేదంట. తాళం తీసేస్తే ఆగతదని ఆయనకు ఎట్ల తెలుస్తది. నేను చెప్పలేదు. రెండోసారి కూడా మొత్తం చెప్పి అదే ఆగింది. పేరు తప్పు చెప్పి ఉంటే మాఫ్ చేయమని కూడా.

ఆయన ఇంటికి వచ్చేసరికి మా ఇంటి ముందర వీధంతా నిండిపోయింది. వెంకటసుబ్బులమ్మ అత్త అమ్మీని పట్టుకొని కూర్చుంది. మేరీ ఆంటీ నీళ్ళ బిందె తెచ్చింది. హనుమంతునిపాడు నుంచి మిరపకాయలు అమ్మనీకి వచ్చిన పుల్లయ్య తాత, మూటలు ఎవరికో అప్పజెప్పి వచ్చినాడు. అబ్బా బండి దిగినాడు. మేరీ ఆంటీ బిందె కింద పెట్టి అట్లనే కూలబడింది. పుల్లయ్య తాత అన్నాడు, "ఏంది బాషా, నీ చావుకి కూడా నువ్వే మైకు పట్టుకుంటే మాకింక పనేముంది?" ఒక్కరు కూడా నవ్వలేదు. తాతే ఏడ్చినాడు.

అమ్మీ లేచి వచ్చి అబ్బా చొక్కా పట్టుకొని, "ఏం దాస్తన్నావు" అని అడిగింది. అందరి ముందర. ఆయన గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అప్పుడు వైరు సంగతి నేను చెప్పలేదు ఫుప్పూ. ఇప్పటికీ చెప్పలేదు. అందరూ కిరణ్ అన్న చేసినాడనుకుంటన్నారు. అబ్బా ఆయన దుకాణం దగ్గరకు పోయి తిట్టి వచ్చినాడు, ఆ గొంతుతో. కిరణ్ అన్న నా వైపు చూసినాడు, నా పేరు చెప్పలేదు. నాకు చచ్చిపోదామన్నంత సిగ్గుగా ఉంది.

మీరిద్దరూ గదిలో తలుపు వేసుకున్నప్పుడు ఏం మాట్లాడుకున్నారు? నువ్వు అరిచినట్టు వినపడింది. తర్వాత ఆయన ఏడ్చినట్టు. ఆపరేషన్‌కి పోతాడా?

ఆలియా

గిద్దలూరు,
30 ఆగస్టు, శుక్రవారం

ఆలియా, నా తల్లీ,

నీ ఉత్తరం చదివినాక అటక మీద పెళ్ళి జాకెట్ల సంచి దించినా. లైనింగ్ మడతలో నీ పదిహేడో తారీఖు కాగితం ఉంది. దాన్ని పట్టుకొని మిషన్ ముందర అట్లనే కూర్చున్నా. ఇర్ఫాన్ వచ్చి "అమ్మీ, ఎవరు పోయినారు" అని అడిగినాడు.

నువ్వు జవాబు రాసినావు. గ్యాస్ స్టవ్ మీద అన్నం మాడ్చుకునే ఆ పెళ్ళైనోడి మీద నేను అనుమానపడి, షెడ్డుకి తాళం వేయించినా. నువ్వు ఆపాలనుకున్నదాన్ని నేను ఆపనియ్యలేదు. శనివారం జరిగింది నీ ఒక్కదాని వల్ల కాదు, సగం నాది. ఇది చించొద్దు, దాచిపెట్టుకో. రేపు నేను మళ్ళీ పెద్దరికం చూపిస్తే చూపించు.

లోపల ఏం జరిగిందో అడిగినావు. చెప్తా.

శనివారం కోళ్ళ దుకాణంలో ఫోన్ వచ్చింది. మీ వీధిలో ఎవరో. "బాషా భాయ్ పోయినాడు, మైకులో చెప్పినారు" అన్నారు. మైకులో చెప్పినారంటే నేనింక అడగలేదు. బీరువా పైన కోరా గుడ్డ తాను ఉంటది. నా చేత్తోనే కొలిచి చించినా. తమ్ముడి శవానికి చుట్టే కఫన్. బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నా. పక్కన ఒక ఆడమనిషి "చీరా అమ్మా" అని అడిగింది. అవునన్నా.

వచ్చేసరికి వాడు మీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గదిలోకి పోయి తలుపు వేసి ఆ గుడ్డ వాడి ఒళ్ళో విసిరికొట్టినా.

మన ఇళ్ళల్లో ఆడదానికి కఫన్ ఎక్కడి నుంచి రావాల? పుట్టింటి నుంచి. అత్తింటోళ్ళు ఎంత ఉన్నోళ్ళైనా ఆ గుడ్డ పుట్టింటిదే. మా అమ్మ లేదు, నాయన లేడు. నా పుట్టింట్లో మిగిలింది వాడొక్కడే. అదే చెప్పినా. "బాషా, ఈ గుడ్డ నువ్వు నాకు తేవాల్సింది. నీకు నేను తెచ్చేటట్టు చేసినావు. తీసుకో, నీ బీరువాలో పెట్టుకో. నాకు తెచ్చి కప్పినాక నీ ఇష్టం వచ్చినట్టు పో. అంతవరకు నువ్వు పోయేదానికి లేదు." అరిచినా, అవును. మేడ మీదోళ్ళకి వినపడినట్టుంది.

వాడు "మాట పోతది అక్కా" అన్నాడు. "గుడ్డ కప్పేదానికి మాట ఎందుకురా, చేతులు చాలు" అన్నా.

అప్పుడు ఏడ్చినాడు. చిన్నప్పుడు బెల్టు దెబ్బలకి కూడా ఏడ్చేవాడు కాదు. వచ్చే నెల మొదట్లో కర్నూలు పోదామన్నాడు. నేనూ వస్తన్నా.

నువ్వు చెయ్యాల్సింది ఒకటి. మీ అబ్బాకి మాట ఉన్నప్పుడే వైరు సంగతి చెప్పు. తిట్టించుకో. ఆ గొంతుతో తిట్టు కూడా ఇంక దొరకదు. కిరణ్ దగ్గరకు నువ్వే పోయి మాఫీ అడుగు. నా తరఫున కూడా.

ఇంకోటి, నాది లేదన్నావు. నాకు అబద్ధం చెప్పినట్టుంది.

ఫుప్పు

మార్కాపురం,
18 అక్టోబరు, శుక్రవారం

ఫుప్పూ, సలాం.

ఈసారి కాగితం సంచి పైనే పెట్టినా. అమ్మీకి తెలుసు. "నా సలాం కూడా రాయి" అంది.

నువ్వు కర్నూలు నుంచి పోయినాక అబ్బా రోజూ కొంచెం నడుస్తన్నాడు. మెడ దగ్గర ఆ చిన్న రంధ్రం చూస్తే మొదట్లో నాకు భయమేసేది, ఇప్పుడు గుడ్డ నేనే మారుస్తన్నా. మాట్లాడాలంటే పలక మీద రాస్తాడు. ఊరు ఊరంతా పలకలు చేసే ఊళ్ళో ఉండి ఫోన్‌లో ఎందుకు రాయాల అంటాడు. అంటే రాస్తాడు. నిన్న రాసింది, "అక్క గుడ్డ బీరువాలో ఎలుకలు కొట్టకుండా చూడు." అమ్మీ నవ్వి, తర్వాత లోపలికి పోయింది.

ఆపరేషన్ ముందు రోజు చెప్పినా ఆయనకు. హాస్పిటల్‌లో, నువ్వు టీకి పోయినప్పుడు. "ఆ వైరు కిరణ్ అన్న కాదు, నేను" అన్నా. "ఫ్యూజు పెట్టినావా?" అన్నాడు. పెట్టినా అన్నా. "ఎంత ఆంపియర్?" చెప్పినా. "మరి నాకు చెప్పేదానికేం బేటీ" అన్నాడు. అంతే తిట్టింది. నాకు గట్టిగా తిట్టి ఉంటే బాగుండు అనిపించింది. కిరణ్ అన్నకి కూడా చెప్పినా. "నీ ముడి బాగుంది, టేపు ఇంకొంచెం చుట్టాల" అన్నాడు.

మొన్న అబ్బా పలక మీద రాసినాడు, "పెన్‌డ్రైవ్ అంతా చెరిపెయ్యి." నెట్ సెంటర్‌కి పోయి ఒక్కొక్కటి విని చెరిపినా. పుల్లయ్య తాతది ఉంది. మేరీ ఆంటీది ఉంది, "ప్రభువునందు నిద్రించినారు" అని వాళ్ళ పద్ధతిలోనే. వెంకటసుబ్బులమ్మ అత్తది, కిరణ్ అన్న వాళ్ళ నాయనది. అందరూ బతికే ఉన్నారు. ఆయన మాట పోయేలోపు వీధిలో పెద్దోళ్ళందరి కబురూ చెప్పి పెట్టుకున్నాడు, వాళ్ళ వేళ వచ్చినప్పుడు వేరే గొంతు చెప్పకూడదని. నేను చెరపతా ఉంటే నెట్ సెంటర్ ఇందిరమ్మ ఆంటీ "ఏం పాటలమ్మా అవి, ఏడుస్తన్నావు" అంది.

నీది ఉంది. అబద్ధమే చెప్పినా, మాఫ్ చెయ్యి. "మార్కాపురం పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మా అక్క జులేఖా బీ" అన్నాడు. అందరికీ 'గారు' అన్నాడు, నీకు 'మా అక్క' అన్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఫ్యాను తిరిగే శబ్దం. చాలాసేపు. తర్వాత రికార్డు ఆపేసినాడు. నీది ఆయన చెప్పలేకపోయినాడు ఫుప్పూ. అది కూడా చెరిపేసినా.

ఒక్కటి మాత్రం చెరపలేదు. మొట్టమొదటిది, గొంతు ఇంకా మరీ పాడుకాక ముందుది. కొత్త మైకు తెచ్చిన రోజు నన్ను వీధి చివర నిలబెట్టి పరీక్ష చేసినాడు, నాకు గుర్తుంది. దాన్ని ఉంచినట్టు ఆయనకు చెప్పలేదు. నా సంగతి నీకు తెలుసు కదా.

ఈ రోజు అనీస్ చాచా వాళ్ళ పెద్దమ్మ ఇంతకాల్ అయింది. ఎలాన్ నేనే రికార్డు చేసినా. అబ్బా పక్కన కూర్చొని పలక మీద "నిదానంగా" అని రాసి చూపించినాడు. మూడుసార్లు చెప్పించినాడు. తర్వాత ఆయనే బండి నడుపుతా అని సైగ చేసినాడు, నేను పక్కన కూర్చున్నా. నా ఎలాన్ పెన్‌డ్రైవ్ నా చేతిలోనే ఉంది. ప్లేయర్‌లో పాత పెన్‌డ్రైవ్ ఉంది.

ఆయన తాళం తిప్పినాడు. యాంప్ లేచింది. మీద హారన్లలోంచి వీధి పొడవునా వచ్చింది.

"ఒకటి, రెండు, మూడు. ఆలియా, వినిపిస్తందా బేటీ?"

అబ్బా చెయ్యి తాళం మీదనే ఉండిపోయింది. తీయలేదు. వీధిలో అందరూ ఆగిపోయినారు. వెంకటసుబ్బులమ్మ అత్త అరుగు మీద నిలబడింది.

"వినిపిస్తంది అబ్బా" అన్నా.

ఆలియా

అమ్మీ సలాం. పెళ్ళి జాకెట్లు ఇప్పుడైనా కుట్టు.